తూర్పు ఆఫ్రికాలో సుంకం పోయినా సరుకు ధర ఎందుకు దిగలేదు? సేవల వాణిజ్యం గురించి ఒక సందేహం

గౌతమీతీరం అడిగారు:

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను అర్థశాస్త్రం బోధిస్తున్నాను. కస్టమ్స్ యూనియన్ (సభ్యదేశాలు తమలో తాము సుంకం తీసేసి, బయటి సరుకు మీద ఒకే సుంకం వేసే కూటమి) పాఠానికి ఏటా యూరప్ ఉదాహరణే చెప్పడం బాగుండదనిపించి, ఈసారి తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీని, అంటే ఈఏసీని తీసుకున్నాను. కెన్యా, ఉగాండా, టాంజానియాలు 1999 నవంబరు 30న ఒప్పందం మీద సంతకాలు చేయడం, 2005లో కస్టమ్స్ యూనియన్ అమల్లోకి రావడం, 2007లో రువాండా, బురుండి చేరడం, 2010లో ఉమ్మడి మార్కెట్ అమల్లోకి రావడం, తర్వాత దక్షిణ సూడాన్, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, సోమాలియా ఒక్కొక్కటిగా చేరడం, ఇదంతా వరుసగా చెప్పాను. 1950లో ఆర్థికవేత్త జేకబ్ వైనర్ ప్రతిపాదించిన వాణిజ్య సృష్టి (సుంకం పోయి చవక సరుకు వైపు కొత్త వ్యాపారం పుట్టడం), వాణిజ్య మళ్లింపు (బయటి చవక సరుకును వదిలి సభ్యదేశపు ఖరీదైన సరుకు కొనడం) అనే భావనలను దీనికి అన్వయించి చూపించాను.

పాఠం ముగిశాక ఒక విద్యార్థిని లేచి అడిగిన ప్రశ్నకు నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. ఆమె మేనమామ కంపాలాలో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో పని చేస్తున్నారట. కెన్యాలో తయారైన సరుకు మీద ఉగాండాలో సుంకం లేకపోయినా, దుకాణం గుమ్మం దాకా వచ్చేసరికి లారీ కిరాయి, క్లియరింగ్ ఏజెంటు రుసుము, బీమా, డాలరు మార్పిడిలో పోయేది కలిసి ధర బాగా పెరిగిపోతుందని ఆయన ఇంట్లో చెబుతుంటారట. "ఇవన్నీ మీ పాఠంలో ఎక్కడున్నాయి సార్?" అని ఆమె అడిగింది.

నిజమే, ఎక్కడా లేవు. పాఠ్యపుస్తకంలోని కస్టమ్స్ యూనియన్‌లో సరుకులు తప్ప మరొకటి లేదు. లారీ నడపడం, డబ్బు పంపడం, బీమా చేయడం, లెక్కలు చూడడం, ఇవన్నీ సేవలు. సేవ మీద సరిహద్దులో సుంకం వేసేవారు ఎవరూ లేరు కాబట్టి తగ్గించడానికి సుంకమూ లేదు. అలాంటప్పుడు సేవల వాణిజ్యాన్ని దేశాలు కలిసి సరళం చేసుకోవడం అంటే ఆచరణలో ఏమిటి? ఆఫ్రికాలో అది ఎక్కడైనా నిజంగా జరిగిందా? 2018లో రువాండా రాజధాని కిగాలీలో సంతకాలైన ఖండవ్యాప్త స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో సేవలకు ప్రత్యేక ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) ఉన్నదని తెలుసు గాని, దాని బలం ఎంతో నాకు అంచనా లేదు. అక్కడ పని చేసినవారు గానీ, ఈ విషయాన్ని చదివినవారు గానీ వివరిస్తే ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పగలుగుతాను.

కంపాలాకొండలు సమాధానం:

మాస్టారూ, మీ విద్యార్థిని మేనమామగారు చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. నేను 2014కు ముందు నుంచే కంపాలాలో ఒక సరుకు రవాణా సంస్థలో లెక్కలు చూస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే బిల్లుల్లో సరుకు విలువ ఒక్క వరుసలో ముగుస్తుంది. మిగతా కాగితమంతా సేవలే.

ముందుగా ఈ దారి గురించి చెప్పాలి. ఉగాండాకు సముద్రం లేదు. ఓడలో వచ్చే సరుకులో పెద్ద భాగం మొంబాసా రేవులో దిగి, నైరోబీ మీదుగా మలాబా దగ్గరో బుసియా దగ్గరో సరిహద్దు దాటి, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది. రువాండాకు వెళ్లేది ఇంకా ముందుకు సాగాలి. 2014కు ముందు ఈ ప్రయాణానికి సుమారు 18 రోజులు పట్టేదని అధికార వర్గాలే చెబుతాయి. ఆ ఏడాది ఏక కస్టమ్స్ ప్రాంతం పద్ధతి అమల్లోకి వచ్చాక ఉగాండా పన్నుల శాఖ అధికారులే మొంబాసాలో కూర్చుని అక్కడే పన్ను కట్టించుకోవడం మొదలుపెట్టారు. దాంతో ప్రయాణం నాలుగైదు రోజులకు దిగింది. సుంకం రేటులో మార్పేమీ లేదు. మారింది పని చేసే తీరు, అధికారి కూర్చునే చోటు. మీ పాఠంలో ఇది తప్పకుండా చేర్చండి, ఎందుకంటే ఈ మార్గంలో మేము కళ్లారా చూసిన పెద్ద మేలు ఇదే.

అయినా కిరాయి ఎందుకు ఎక్కువ? సరుకు ఎక్కువగా ఒకవైపే నడుస్తుంది. రేవు నుంచి నిండుగా వచ్చిన లారీల్లో చాలావాటికి తిరుగు ప్రయాణంలో లోడు దొరకదు. ఉగాండా కాఫీ, టీ ఉన్నా అన్ని లారీలకూ సరిపోవు. దారి మధ్యలో నకూరులో ఒక కెన్యా వ్యాపారి సరుకును కెన్యాలోనే మరో ఊరికి చేరవేసి కొంత ఖర్చు రాబట్టుకుందామంటే, విదేశీ నంబరు ఉన్న లారీ దేశం లోపల కిరాయికి తిరగకూడదన్న నిబంధన అడ్డు వస్తుంది. కాబట్టి ఖాళీగా తిరిగే బండికయ్యే ఖర్చు కూడా వచ్చేటప్పటి కిరాయిలోనే కలుస్తుంది. ఉమ్మడి మార్కెట్లో రవాణా సేవ నిజంగా ఉమ్మడిదైతే ముందు తొలగవలసిన అడ్డంకి ఇది.

బీమా విషయంలో మాత్రం పరిస్థితి మెరుగు. 1980ల్లో మొదలై, ఇప్పుడు కోమెసా (తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల వాణిజ్య కూటమి) నడుపుతున్న పసుపు కార్డు పథకం వల్ల మొంబాసాలో తీసుకున్న థర్డ్ పార్టీ బీమా కాగితమే ఉగాండాలోనూ రువాండాలోనూ చెల్లుతుంది. టాంజానియా కోమెసా సభ్యదేశం కాకపోయినా ఈ పథకంలో ఉంది. ప్రతి సరిహద్దులో కొత్తగా బీమా కొనే అవస్థ డ్రైవర్లకు తప్పింది. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ నడిపే గోధుమరంగు కార్డు కూడా ఇలాంటిదే. దీని గురించి పత్రికల్లో పెద్దగా రాయరు గాని, మా పనిలో దీని విలువ మాకు తెలుసు.

ఇక ఫోను. నేను వచ్చిన కొత్తలో మలాబా అవతల ఉన్న డ్రైవరుతో మాట్లాడాలంటే అది అంతర్జాతీయ కాల్. అతని జేబులో రెండు దేశాల సిమ్ కార్డులు ఉండేవి. 2014 అక్టోబరు నుంచి కెన్యా, ఉగాండా, రువాండాలు, ఆ తర్వాత దక్షిణ సూడాన్, వన్ నెట్‌వర్క్ ఏరియా పేరుతో ఒక అంగీకారానికి వచ్చి, తమ మధ్య నడిచే కాల్స్ మీద అంతర్జాతీయ సర్‌చార్జీలు తీసేసి, నిమిషానికి ఇంతకు మించకూడదని పరిమితి పెట్టాయి. దేశాల మధ్య కాల్స్ ఎన్నో రెట్లు పెరిగాయి. ఒక్క ఏడాదిలోనే డ్రైవర్ల రెండో సిమ్ మాయమైంది. సేవల వాణిజ్యం సరళం కావడమంటే ఏమిటో ఆ అమ్మాయికి చెప్పడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు తట్టడం లేదు.

డబ్బు పంపడం గురించి వీలు చూసుకుని మరోసారి రాస్తాను. అది పెద్ద కథ.

సంధిపత్రం సమాధానం:

కంపాలాకొండలు గారు అనుభవంతో చెప్పినదానికి ఒప్పందాల వైపు నుంచి కొంత చేరుస్తాను. అంతర్జాతీయ వాణిజ్య న్యాయం నా పరిశోధనా రంగం.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు వచ్చిన సేవల ఒప్పందం సేవలు దేశాలు దాటే తీరును నాలుగుగా విడదీసింది. సేవ తానే సరిహద్దు దాటవచ్చు, నైరోబీ నుంచి కిగాలీలోని ఖాతాదారుకు ఫోను మీదో కంప్యూటరు మీదో సలహా ఇచ్చినట్టు. సేవ కోరేవారే ప్రయాణం చేయవచ్చు. చికిత్స కోసం తూర్పు ఆఫ్రికా నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చే రోగులను మన విద్యార్థులు చూసే ఉంటారు, ఇది ఆ రెండో తీరు. సంస్థ మరో దేశంలో శాఖ తెరవవచ్చు. టోగో రాజధాని లోమే కేంద్రంగా 1985లో పుట్టిన ఎకోబ్యాంక్ ఇవాళ 30కి పైగా ఆఫ్రికా దేశాల్లో ఉన్నది ఇలాగే. ఇక నాలుగోది, మనిషే వెళ్లి పని చేసి రావడం. అన్నిటికంటే కష్టమైనది ఇదే.

మాస్టారు గమనించినట్టు వీటికి సుంకం ఉండదు. అడ్డంకి సరిహద్దు గేటు దగ్గర కాక దేశం లోపలి చట్టాల్లో, లైసెన్సు నిబంధనల్లో, వృత్తి మండళ్ల నియమావళిలో ఉంటుంది. ఆడిట్ నివేదిక మీద సంతకం చేసే హక్కు స్థానిక సభ్యులకే ఉండాలని ఒక చట్టం అంటుంది, కంపెనీలో ఇంత వాటా స్వదేశీయులదే కావాలని మరొకటి అంటుంది. వీటిలో చాలావరకు వాణిజ్యాన్ని అడ్డుకోవాలని రాసినవి కావు. ప్రజల రక్షణ కోసం, వృత్తి ప్రమాణాల కోసం రాసినవే. అందుకే వాటిని ఒక్క సంతకంతో రద్దు చేయడం కుదరదు, ఒక్కొక్కదాన్నీ విప్పి చూసి ఏది అవసరమో ఏది కాదో తేల్చాలి.

ఈఏసీ ఈ పనికి పూనుకుంది. ఉమ్మడి మార్కెట్ ప్రోటోకాల్‌కు అనుబంధంగా వ్యాపార సేవలు, సమాచార ప్రసారం, పంపిణీ, విద్య, ఆర్థిక సేవలు, పర్యాటకం, రవాణా అనే ఏడు రంగాల్లో ఏ దేశం ఏ మేరకు తలుపు తెరుస్తుందో జాబితాలు రాసుకుంది. నాలుగేళ్ల తర్వాత, 2014లో, హామీలకూ చట్టాలకూ పొంతన ఉందా అని పరిశీలించిన నివేదిక ఒకటి వచ్చింది. అప్పటి ఐదు సభ్యదేశాల్లో సేవల హామీలకు విరుద్ధంగా ఉన్న నిబంధనలు కనీసం 63 కనిపించాయి. వాటిలో అత్యధికం వృత్తి సేవలవే, అంటే లాయర్లు, అకౌంటెంట్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులకు సంబంధించినవి. వాగ్దానం చేసిన ప్రభుత్వమే తన పాత చట్టాన్ని మార్చుకోలేదన్నమాట.

ఇక్కడే పరస్పర గుర్తింపు ఒప్పందాల సంగతి చెప్పాలి. 2011లో అకౌంటెంట్ల సంస్థలు, ఆర్కిటెక్టుల మండళ్లు, 2012లో ఇంజనీర్ల నమోదు బోర్డులు ఒకరి అర్హతను మరొకరు గుర్తించడానికి సంతకాలు చేశాయి. ప్రభుత్వాలు కాక వృత్తి మండళ్లే కూర్చుని పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, అనుభవ కాలం పోల్చి చూసుకోవడం వల్ల ఈ ఒప్పందాలకు కొంత ప్రాణం వచ్చింది. లాయర్ల విషయంలో ఇదే పని అంత సులువుగా సాగలేదు. కెన్యా, ఉగాండా, టాంజానియాలది బ్రిటిష్ వారసత్వపు కామన్ లా, అంటే పాత తీర్పులకు పెద్ద పీట వేసేది. బురుండి, కాంగోలది బెల్జియం నుంచి వచ్చిన సివిల్ లా, అంటే రాసిపెట్టిన చట్టసంహిత మీద నడిచేది. ఒక చోట చదివిన చట్టం రెండో చోట పనికిరానప్పుడు అర్హతను గుర్తించడంలో అర్థం ఏముంటుంది?

రవాణాలో నియమాలే ధరను పెంచుతాయనడానికి మరో మార్గాన్ని చూడండి. కామెరూన్‌లోని దువాలా రేవు నుంచి చాద్ రాజధాని ఎన్‌జమేనాకు వెళ్లే సరుకులో 65 శాతం చాద్ లారీలకు, 35 శాతం కామెరూన్ లారీలకు అని ఏనాడో పంచుకున్నారు. సరుకు ఎవరికి దక్కాలో వంతుల ప్రకారం కార్యాలయాలు కేటాయిస్తాయి. మంచి బండి, ముసలి బండి అన్న తేడా లేకుండా వంతు వచ్చినవాడికే లోడు. 2009లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన ఒక అధ్యయనం ఇలాంటి దారుల్లో కిరాయిలు ఎక్కువ కావడానికి గతుకుల రోడ్ల కంటే ఈ పంపకాలే ముఖ్య కారణమని తేల్చింది. రోడ్డు బాగు చేస్తే లారీ యజమాని ఖర్చు తగ్గుతుంది గాని, పోటీ లేని చోట ఆ తగ్గింపు వ్యాపారికి చేరదు. దీనికి ఎదురుగా, 1994 తర్వాత రవాణా రంగాన్ని పోటీకి వదిలిన రువాండాలో కిరాయిలు నిజ విలువలో దాదాపు 75 శాతం పడిపోయాయని అదే అధ్యయనం చెప్పింది. ఆ విద్యార్థిని ప్రశ్నకు నేరుగా పనికొచ్చే సాక్ష్యం నా దృష్టిలో ఇదే.

గౌతమీతీరం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వైద్యులు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారినప్పుడు అక్కడి మండలిలో మళ్లీ నమోదు కోసం తిరగడం మన దగ్గరా చూస్తున్నదే గనుక, వృత్తి మండళ్ల మాట మా విద్యార్థులకు ఇట్టే అందుతుంది.

ఒక్క అనుమానం మిగిలింది. అడ్డంకులు తొలగితే అందరికీ మేలని ఇద్దరూ చెబుతున్నారు. అలాగైతే టాంజానియా వన్ నెట్‌వర్క్ ఏరియాలో మొదట ఎందుకు చేరలేదు? 2014లో కెన్యా, ఉగాండా, రువాండాలు 100 డాలర్లకు తెచ్చిన ఉమ్మడి పర్యాటక వీసాకు ఎందుకు దూరంగా ఉంది? అది కేవలం మొండితనమేనా?

దార్‌తీరవాసి సమాధానం:

మొండితనం కాదండీ. దార్ ఎస్ సలామ్‌లో టెలికాం రంగంలో చాలా కాలం పని చేశాను. అక్కడి పెద్దవాళ్ల మాటల్లో ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో విన్నాను. అది అర్థం కావాలంటే 1999 నుంచి మొదలుపెట్టకూడదు.

తూర్పు ఆఫ్రికాలో ఏకీకరణ మొదలైందే సేవలతో. 1948లో బ్రిటిష్ వారు తూర్పు ఆఫ్రికా హైకమిషన్ పేరుతో మూడు భూభాగాలకూ ఉమ్మడి సేవలు నడిపారు. 1961లో అది ఉమ్మడి సేవల సంస్థ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1967లో కంపాలా ఒప్పందంతో మొదటి తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీగా మారింది. ఈస్ట్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ మూడు దేశాలకూ ఒకటే. రైల్వే ఒకటే, తపాలా ఒకటే, రేవుల సంస్థ ఒకటే. మూడింటికీ ఒకే షిల్లింగు కొంతకాలం చెల్లింది. మకెరెరె, నైరోబీ, దార్ ఎస్ సలామ్ కళాశాలలు 1963 నుంచి 1970 దాకా ఒకే తూర్పు ఆఫ్రికా విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ఇవాళ మనం కలగనే స్థాయి కంటే అది చాలా ముందుంది.

అదంతా 1977లో కూలిపోయింది. కారణాలు చాలా ఉన్నాయి. 1971లో ఇదీ అమీన్ ఉగాండాలో అధికారం చేజిక్కించుకున్నాక, టాంజానియా అధ్యక్షుడు నైరేరే ఆయనతో ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ఒప్పుకోలేదు. మూడు దేశాల అధినేతల సమావేశమే ఆగిపోయింది. టాంజానియా సోషలిజం దారిలో, కెన్యా ప్రైవేటు పెట్టుబడి దారిలో నడిచాయి. అన్నిటికంటే లోతైన గాయం పంపకాలది. పరిశ్రమలూ పెద్ద కార్యాలయాలూ నైరోబీ చుట్టూ పేరుకుంటున్నాయని, ఉమ్మడి సంస్థల ఆదాయం అక్కడే నిలిచిపోతోందని మిగతా ఇద్దరూ భావించారు. ఈ బాధ తీర్చడానికే 1967లో రేవుల సంస్థ ప్రధాన కార్యాలయాన్ని దార్ ఎస్ సలామ్‌కు, తపాలా సంస్థను కంపాలాకు పంచి ఇచ్చారు. అదీ సరిపోలేదు. విమాన సంస్థ మూతపడి, ఎవరి దేశం పేరుతో వారు విడిగా విమానాలు నడుపుకున్నారు. టాంజానియా కెన్యా సరిహద్దు మూసేసింది, 1983 దాకా తెరవలేదు. ఆస్తులూ అప్పులూ పంచుకునే ఒప్పందం 1984లో గాని కుదరలేదు.

ఇప్పుడు టాంజానియా వైపు నుంచి చూడండి. కెన్యా బ్యాంకులు ఉగాండా, రువాండా, టాంజానియాల్లో శాఖలు తెరిచాయి. ఆడిట్ సంస్థల ప్రాంతీయ కార్యాలయాలు, ప్రకటనల సంస్థలు, న్యాయ సంస్థలు చాలావరకు నైరోబీలోనే ఉన్నాయి. సేవల తలుపులన్నీ ఒక్కసారిగా తెరిస్తే వచ్చేవారు ఎక్కువమంది ఎవరో టాంజానియా యువతకు తెలుసు. టాంజానియాలోని సెరెంగెటి అభయారణ్యం చూడడానికి వచ్చే పర్యాటకుడు నైరోబీలో దిగి, అక్కడి ఏజెంటుకు డబ్బు కట్టి, ఒక్క వీసాతో రెండు దేశాలూ తిరిగి వెళ్లిపోతే టాంజానియా పట్టణం అరూషాలో గైడుకు మిగిలేది ఎంత అన్న ప్రశ్నను కొట్టిపారేయలేం. అడ్డంకులు తీయాలని నేనూ నమ్ముతాను. అయితే ఎవరికి ఎంత దక్కుతుందన్న లెక్క తేల్చకుండా తీస్తే ఏమవుతుందో ఆ ప్రాంతం ఒకసారి అనుభవించింది. సంధిపత్రం గారి రాతలో ఈ వైపు కనిపించకపోవడం నాకు లోటుగా తోచింది.

మరో మాట. 1977 తర్వాత కూడా కొన్ని ఉమ్మడి సేవలు నిలబడ్డాయి. తూర్పు ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు కంపాలాలో నేటికీ పని చేస్తోంది. విశ్వవిద్యాలయాల సమన్వయ మండలి మిగిలింది. ఉగాండాలోని సొరోటీలో పైలట్లకు శిక్షణ ఇచ్చే విద్యాలయం మిగిలింది. ఎవరి లాభం ఎవరు తింటున్నారన్న తగాదా తక్కువగా ఉన్న చోట, వృత్తి జ్ఞానం ప్రధానమైన చోట కలిసి ఉండడం సాధ్యమైందని నాకు అనిపిస్తుంది. ఇవాళ ఇంజనీర్ల బోర్డులు ముందడుగు వేయగలగడానికీ దీనికీ పోలిక ఉంది.

సంధిపత్రం:

మీరు ఎత్తి చూపిన లోటు నిజమే, ఒప్పుకుంటున్నాను. ఖండవ్యాప్త ఒప్పందం నడక నెమ్మదిగా ఉండడానికీ ఈ భయమే మూలం. 2018 మార్చి 21న 44 దేశాలు దాని మీద సంతకం చేశాయి, 2019 మే 30న అమల్లోకి వచ్చింది, ఇప్పుడు ఎరిత్రియా తప్ప 54 దేశాలూ సంతకందార్లే. సచివాలయం అక్రాలో ఉంది. సేవల్లో ముందుగా వ్యాపార సేవలు, సమాచార ప్రసారం, ఆర్థిక సేవలు, పర్యాటకం, రవాణా అనే ఐదు రంగాలను ఎంచుకున్నారు. ఏ దేశం జాబితా ఆ దేశానిదే. రాసిన మేరకే బాధ్యత. కాబట్టి ఆ ప్రోటోకాల్‌కు తనంతట తానుగా బలం తక్కువ. దాని విలువ జాబితాల్లో ఏం రాశారన్నదాని మీద, ఆ తర్వాత నియంత్రణ సంస్థలు ఒకదానినొకటి ఎంత నమ్ముతాయన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

మనుషుల రాకపోకల విషయంలో అయితే వెనకబాటు స్పష్టం. అదే 2018లో ఆఫ్రికన్ యూనియన్ విడిగా స్వేచ్ఛా సంచార ప్రోటోకాల్ తెచ్చింది. అది అమల్లోకి రావడానికి 15 దేశాల ఆమోదం కావాలి, వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. ఆఫ్రికాలో అత్యంత సంపన్నుడైన అలికో డాంగోటే తన ఖండంలో తిరగడానికి 35 వీసాలు తీసుకోవలసి వస్తోందని 2024లో కిగాలీ వేదిక మీదే వాపోయారు. మనిషి వెళ్లలేని చోటికి అతని సేవ ఎలా వెళ్తుంది? రువాండా, బెనిన్, గాంబియా, సీషెల్స్ ఆఫ్రికన్లందరికీ వీసా తీసేశాయి, 2025 మొదట్లో ఘనా కూడా ఆ పని చేసింది. ఇవి ఎవరితోనూ బేరమాడకుండా సొంతంగా తీసుకున్న నిర్ణయాలు కావడం గమనించదగ్గది.

కంపాలాకొండలు:

డబ్బు సంగతి రాస్తానన్నాను. నైరోబీలోని లారీ యజమానికి కంపాలా నుంచి చెల్లించాలంటే మామూలుగా జరిగేది ఇది. ఉగాండా షిల్లింగులు ఇచ్చి డాలర్లు కొంటాం, అవి న్యూయార్క్‌లోని ఏదో బ్యాంకు ఖాతాల మీదుగా తిరిగి నైరోబీ చేరతాయి, అక్కడ మళ్లీ కెన్యా షిల్లింగులుగా మారతాయి. పక్క దేశానికి పంపే సొమ్ము అట్లాంటిక్ దాటి రావాలి. మార్పిడిలో రెండుసార్లు తరుగు, పైగా రోజుల ఆలస్యం. 2014లో కేంద్ర బ్యాంకులు తూర్పు ఆఫ్రికా చెల్లింపుల వ్యవస్థను కలిపి, స్థానిక కరెన్సీలోనే పంపే వీలు కల్పించాయి. కానీ కిరాయి ఒప్పందాలే డాలర్లలో రాసుకునే అలవాటు ఉన్నంత కాలం దాన్ని వాడేది తక్కువ. షిల్లింగు విలువ ఎప్పుడు పడిపోతుందోనన్న భయం యజమానికి ఉంటుంది, అది అతని తప్పని నేననను. ఉమ్మడి కరెన్సీ కోసం 2013లో సంతకాలు చేసి 2024 గడువు పెట్టుకున్నారు, ఇప్పుడది 2031కి జరిగింది.

ఖండం స్థాయిలో ఆఫ్రెక్సిమ్ బ్యాంకు (ఆఫ్రికా ఎగుమతి దిగుమతి బ్యాంకు) 2022 జనవరిలో పాప్స్ అనే చెల్లింపుల వ్యవస్థను అక్రాలో ప్రారంభించింది. నైజీరియా, ఘనా మొదలైన ఆరు పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో దాన్ని ముందుగా పరీక్షించారు. ఎవరి కరెన్సీలో వారు కట్టి, ఎవరి కరెన్సీలో వారు పుచ్చుకుంటారు, తేడాలను కేంద్ర బ్యాంకులు తేల్చుకుంటాయి. ఇది పూర్తిగా నడిస్తే ఏటా 500 కోట్ల డాలర్లు మిగులుతాయని బ్యాంకు అంచనా. మా దారిలో దాని ఫలితం కోసం నేను ఎదురు చూస్తున్నాను.

వృత్తి గుర్తింపు గురించి నా సొంత అనుభవం ఒకటి. మా సంస్థ పొరుగు దేశంలోని శాఖ లెక్కలకు ఇక్కడి ఉగాండా అకౌంటెంటును పంపింది. పరస్పర గుర్తింపు ఒప్పందం ఉంది కదా అని ధైర్యంగా వెళ్లాడు. అక్కడి కార్యాలయం అర్హతను ఒప్పుకుంది గాని, పని అనుమతి వేరే శాఖ చూస్తుందని పంపేసింది. ఆ శాఖ నెలల తరబడి తిప్పించుకుంది. చివరికి స్థానిక సంస్థకు రుసుము కట్టి సంతకం చేయించాం. అర్హత గుర్తించే బోర్డూ అనుమతి ఇచ్చే శాఖా ఒకే మాట మీద లేకపోతే ఒప్పందం కాగితం మీదే ఉండిపోతుంది. ఆ రుసుము కూడా చివరికి సరుకు ధరలోనే కలిసిందని వేరే చెప్పక్కర్లేదు.

గౌతమీతీరం:

మీ ముగ్గురి సమాధానాలనూ అచ్చు తీసి ఆ విద్యార్థినికి ఇచ్చాను. వచ్చే వారం పాఠాన్ని తిరగరాస్తున్నాను. 1948 నాటి ఉమ్మడి సేవల నుంచి మొదలుపెట్టి, 1977 మీద ఒక తరగతి పూర్తిగా గడిపి, ఆ తర్వాతే కస్టమ్స్ యూనియన్‌కు వస్తాను. వైనర్ సిద్ధాంతానికి ముందు దువాలా దారి వంతుల కథ చెప్పాలని కూడా అనుకుంటున్నాను.

కంపాలాకొండలు గారికి ఒక మనవి. మొంబాసా నుంచి కంపాలాకు వచ్చిన ఒక సరుకు బిల్లును, సంస్థల పేర్లూ వ్యక్తుల వివరాలూ పూర్తిగా తీసేసి, ఖర్చుల వరుసలు మాత్రం ఉంచి ఇక్కడ పెట్టగలరా? ఏ వరుస రవాణా, ఏది బీమా, ఏది మార్పిడి తరుగు అని విద్యార్థుల చేతే గుర్తింపజేయాలని ఉంది.

కంపాలాకొండలు:

తప్పకుండా మాస్టారూ. మా యజమానిని అడిగి, ఆదివారం లోపు 2013 నాటిది ఒకటి, ఇప్పటిది ఒకటి రెండూ పెడతాను. పాతదాంట్లో సరిహద్దు దగ్గర లారీ నిలిచిపోయిన రోజులకు కట్టిన రుసుము విడి వరుసగా కనిపిస్తుంది, కొత్తదాంట్లో ఆ వరుస లేదు. తిరుగు ఖాళీ బండి ఖర్చు మాత్రం రెండింటిలోనూ ఉంది.